'ఆటోమేటిక్ రిపేర్' దగ్గరే ఆగిపోతున్న కంప్యూటర్: ఫార్మాట్ కొట్టించే ముందు

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటి ముందు గదిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు చేస్తాం. మొన్న గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంటే కంప్యూటర్ రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోయింది. అప్పటి నుంచి ఆన్ చేస్తే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అని వస్తుంది. కాసేపటికి 'మీ పీసీని రిపేర్ చేయలేకపోయాం' అని నీలి తెర. మళ్లీ ఆన్ చేసినా అదే. విండోస్ 10. సర్వీస్ చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టాల్సిందే, పదిహేను వందలు అవుతుంది అన్నాడు. మా తమ్ముడు నెట్‌లో ఒక రిపేర్ సాఫ్ట్‌వేర్ చూపించి, డబ్బు కడితే ఒక్క క్లిక్‌తో అంతా సరిచేస్తుందట, కొందామంటున్నాడు. పాత ఆర్డర్ల ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. బ్యాకప్ లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకి వాడే అనూ ఫాంట్ల సీడీలు ఎక్కడున్నాయో కూడా తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటా వినకండి అమ్మా, కనీసం రెండు రోజులు. ఫార్మాట్‌కి ఒప్పుకోవద్దు, సాఫ్ట్‌వేర్ కొనొద్దు. ఈసారైనా లేస్తుందేమో అని పదే పదే ఆన్ చేసి చూడటం కూడా మానేయండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఒక్కటే, బ్యాకప్ లేదన్నది. విండోస్‌ని ఎన్నిసార్లయినా కొత్తగా ఎక్కించుకోవచ్చు. మీరు చేసిన కార్డుల్ని ఎవరూ తిరిగి ఎక్కించలేరు. కాబట్టి ముందు ఫైళ్లు బయటికి తీయాలి, మరమ్మతు సంగతి తర్వాత. దీన్ని తలకిందులు చేయడం వల్లే చాలామంది నష్టపోతుంటారు.

అసలు ఆ తెర ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. హార్డ్ డిస్క్‌లో మామూలు విండోస్‌కి తోడుగా 'రికవరీ ఎన్విరాన్‌మెంట్' అనే బుల్లి విండోస్ ఒకటి విడిగా దాచి ఉంటుంది. పెద్ద విండోస్ వరసగా రెండుసార్లు లేవలేకపోతే తర్వాతిసారి ఇది లేస్తుంది. లేచిన రెండు నిమిషాల్లోపే వరసగా రెండుసార్లు అనుకోకుండా ఆగిపోయినా ఇదే వస్తుంది. మీ ఊళ్లో ఆ రోజు కరెంటు ఆడిన ఆట సరిగ్గా ఈ లెక్కకి సరిపోయింది. కాబట్టి ఆ తెర వచ్చినంత మాత్రాన కంప్యూటర్ పోయిందని కాదు. చాలా చోట్ల ఒకసారి మామూలుగా రీస్టార్ట్ చేస్తే అదే తప్పుకుంటుంది. మీకు మాత్రం ప్రతిసారీ వస్తోంది, పైగా తనవల్ల కాలేదని చెబుతోంది. అంటే ఎక్కడో నిజంగానే దెబ్బ తగిలింది.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇలాంటిది జరిగితే సీడీ పెట్టి, నల్ల తెర మీద ఆదేశాలు టైప్ చేయాల్సి వచ్చేది. దాని తర్వాతి విండోస్ అయిన విస్టాతో, లేవని కంప్యూటర్‌ని బాగుచేసే 'స్టార్టప్ రిపేర్' వచ్చింది. విండోస్ 8 నుంచి అది మనల్ని అడక్కుండా తనే మొదలయ్యేలా చేశారు. అది చూసే జాబితా చిన్నదేం కాదు. డిస్క్ పలుకుతోందా, డిస్క్‌లోని భాగాల వివరం ఉండే పార్టిషన్ల పట్టిక బాగుందా, విండోస్‌ని లేపే బూట్ మేనేజర్ ఉందా, లేవడానికి తప్పనిసరి అయిన సిస్టమ్ ఫైళ్లు, పరికరాలని నడిపించే డ్రైవర్ ఫైళ్లు చెడిపోయాయా, విండోస్ సెట్టింగులన్నీ దాచి ఉండే రిజిస్ట్రీని చదవగలుగుతున్నామా, ఈమధ్య పడిన అప్‌డేట్ ఏదైనా అడ్డు పడుతోందా, ఇవన్నీ చూస్తుంది. వీటిలో కొన్నిటిని నిజంగానే బాగుచేస్తుంది కూడా. డిస్కే పాడైతే అది చేయగలిగిందేమీ లేదు. ర్యామ్ పోయినా, వైరస్ పట్టినా అంతే. మీ ఫైళ్లు దాని లెక్కలోనే లేవు. గేటు తాళం బాగుచేసేవాణ్ని పిలిస్తే తాళమే చూస్తాడు గానీ ఇంట్లో సామాను ఉందో లేదో చూడడు కదా.

దీని శక్తి ఎంతవరకో ప్రపంచమంతా ఒకేసారి చూసిన రోజు ఒకటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైల్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలిపోయాయి. మన టైం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక ఆ ఫైల్ విడుదలైంది, గంటంబావు తర్వాత వెనక్కి తీసుకున్నారు. అప్పటికే విమానాశ్రయాల్లో కౌంటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరు కూడా ఫోన్‌లో చూసే ఉంటారు. ఆ యంత్రాల్లో ఎన్నో ఇదే రికవరీ తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. బాగుచేయడం మాత్రం దానివల్ల కాలేదు. మనుషులు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని, తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి, ఆ ఒక్క ఫైల్‌ని చేత్తో తీసేయాల్సి వచ్చింది. 'కాలేదు' అని ఆ తెర చెబితే ఆశ వదులుకోవాల్సిన పని లేదని చెప్పడానికే ఇదంతా. ఆ తెర వెనకున్న మిగతా పనిముట్లు మన చేతికి అందుతాయి.

ఇక పని మొదలుపెడదాం. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప అన్నీ ఊడదీయండి. ప్రింటర్, స్కానర్, కార్డ్ రీడర్ అన్నీ. ముఖ్యంగా వెనకాల పోర్టులో ఏ కస్టమరో వదిలేసిన పెన్‌డ్రైవ్ ఉందేమో చూడండి. డీటీపీ సెంటర్లలో ఇది మామూలే. కొన్ని కంప్యూటర్లు దాన్నుంచి లేవాలని చూసి మొండికేస్తాయి. తర్వాత ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి, చాలా డెస్క్‌టాప్‌లకి డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ. అక్కడ తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయినట్టు. బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు పుట్టినప్పటి స్థితికి వెళ్లిపోతాయి. డిస్క్‌ని చదివే పద్ధతి మారిపోయి, విండోస్ బాగానే ఉన్నా లేవదు. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ఫార్మాట్ దాకా వెళ్లిన కేసులు కొన్ని ఈ చిన్న బిళ్ల దగ్గరే తేలిపోతాయి. బ్యాటరీ మార్చాక సాటా మోడ్ (డిస్క్‌ని చదివే పద్ధతి), బూట్ మోడ్ (విండోస్‌ని లేపే పద్ధతి) మునుపు ఎలా ఉండేవో అలా పెట్టించండి. ఇది సర్వీస్ అబ్బాయికి తెలిసిన పనే. బయోస్‌లో అసలు హార్డ్ డిస్క్ పేరే కనబడకపోతే మాత్రం అది కేబుల్ సమస్యో, డిస్క్ సమస్యో అయి ఉంటుంది. అప్పుడు కింద చెప్పేవేవీ ప్రయత్నించకండి.

డిస్క్ కనిపిస్తోందనుకుందాం. ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్ గానీ, బయటి హార్డ్ డిస్క్ గానీ పెట్టి ఆన్ చేయండి. నీలి తెర రాగానే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' నొక్కి, 'ట్రబుల్‌షూట్', మళ్లీ 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', అందులో 'కమాండ్ ప్రాంప్ట్' ఎంచుకోండి. మీ యూజర్ పాస్‌వర్డ్ అడగొచ్చు, రోజూ కొట్టే పిన్ అక్కడ పనిచేయదు. నల్ల తెర వస్తుంది. భయపడకండి, మనం అక్కడ ఒకే ఒక మాట టైప్ చేస్తాం. ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీకు తెలిసిన నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. దానిలో ఫైల్ మెనూ, ఓపెన్. కింద 'టెక్స్ట్ డాక్యుమెంట్స్' అని ఉన్నచోట 'ఆల్ ఫైల్స్' పెట్టండి. ఇప్పుడు మీ ముందున్న ఆ చిన్న పెట్టె ఒక ఫైల్ మేనేజర్ లాగా పనిచేస్తుంది. 'దిస్ పీసీ'లోకి వెళ్తే డ్రైవ్‌లన్నీ ఉంటాయి. ఇక్కడ అక్షరాలు తారుమారు అవుతాయి, మీ సీ డ్రైవ్ డీ అని కనబడొచ్చు. ఎక్స్ అని ఉండేది ఆ బుల్లి విండోస్‌దే, దాని జోలికి వెళ్లకండి. 'యూజర్స్' ఫోల్డర్ ఉన్న డ్రైవే మీది. అందులో మీ పేరు, దానిలో డెస్క్‌టాప్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్.

పేస్ట్ కొట్టాక ఎంత అయిందో చూపించే ఆకుపచ్చ గీత ఏదీ రాదు. తెర బిగుసుకుపోయినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి పవర్ ఆఫ్ చేస్తారు. కదలకుండా వదిలేయండి. మొత్తం ఒకేసారి కాకుండా, డెలివరీ దగ్గరపడ్డ ఆర్డర్ల ఫోల్డర్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తీయండి. తర్వాత డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్. ఆఖరున విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేసుకోండి. మీకు ఇది చాలా ముఖ్యం. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకీ తెలిసిన ఉమ్మడి అక్షర పద్ధతిలో లేవు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ పెళ్లి కార్డు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్ ఫైళ్లు చేతిలో ఉంటే కనీసం పాత కార్డులు తెరిచి ప్రింట్ తీయొచ్చు. కొత్తగా టైప్ చేయాలంటే మాత్రం అనూ ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించాల్సిందే.

కాపీ చేస్తున్నప్పుడు డిస్క్ నుంచి టక్ టక్ చప్పుడు వస్తున్నా, ఒక ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతున్నా వెంటనే ఆపేయండి. ఆ డిస్క్ కొన ఊపిరితో ఉందని అర్థం. ఇక అది ఎన్నిసార్లు తిరిగితే అంత నష్టం. అలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ నడపమని ఎవరైనా చెబితే వినకండి. చెక్‌డిస్క్ మీ ఫైళ్లని కాపాడటానికి రాసిన ప్రోగ్రామ్ కాదు. డ్రైవ్ లెక్కలు సరిచూడటం దాని పని, లెక్క కుదరకపోతే కొన్ని ఫైళ్లని ముక్కలు చేసి పక్కన పడేయడానికి కూడా వెనకాడదు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, ఫైళ్లు బయటపడ్డాక దాన్ని నిశ్చింతగా వాడండి.

నోట్‌ప్యాడ్ దారి కుదరకపోతే, తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో విండోస్‌కి బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు గానీ మింట్ గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, దానితో మీ కంప్యూటర్ లేపి, 'ఇన్‌స్టాల్' నొక్కకుండా 'ట్రై'తో సరిపెట్టుకుని ఫైళ్లు తీసుకోవచ్చు. మీ డిస్క్‌ని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదని అది చెప్పినా ఇబ్బంది లేదు, మనకి కావలసింది చదవడమే. ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట: కొత్త ల్యాప్‌టాప్ అయితే డిస్క్ తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్ నుంచే లాగిన్ అయి చూసుకోవచ్చు.

ఫైళ్లు చేతికొచ్చాయి కదా, ఇప్పుడు అదే నోట్‌ప్యాడ్‌తో ఇంకొక్క పని. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దానిలో లాగ్‌ఫైల్స్, దానిలో ఎస్ఆర్‌టీ అనే ఫోల్డర్. అందులో ఎస్ఆర్‌టీ ట్రెయిల్ (SrtTrail.txt) అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. 'రిపేర్ కాలేదు' అని చెప్పే నీలి తెరలో ఈ ఫైల్ చిరునామా కూడా చూపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఆటోమేటిక్ రిపేర్ చేసిన ప్రతి పరీక్ష, దాని ఫలితం అందులో రాసి ఉంటాయి. చివర్లో 'రూట్ కాజ్ ఫౌండ్' అన్న మాట కోసం వెతకండి. కింద ఫలానా డ్రైవర్ ఫైల్ పాడైంది అనో, ఈమధ్య వేసిన డ్రైవర్ అడ్డుపడుతోంది అనో ఉంటుంది. ఒక్కోసారి 'ఆపరేటింగ్ సిస్టమ్ విజయవంతంగా బూట్ అయింది' అని కూడా రాస్తుంది. వెటకారంగా అనిపిస్తుంది గానీ, తన జాబితాలో ఉన్నవన్నీ బాగానే ఉన్నాయని దాని ఉద్దేశం. అప్పుడు ర్యామ్ వైపో, డిస్క్ వైపో చూడాలి.

మరమ్మతులో తక్కువ హాని చేసేవి ముందు చేయండి. అదే మెనూలో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ఉంటుంది, ఆఖరున పడిన అప్‌డేట్‌ని తీసేస్తుంది. 'సిస్టమ్ రీస్టోర్'లో వానకి ముందు తేదీ ఏదైనా ఉంటే దానికి వెళ్లండి, మీ డాక్యుమెంట్లకి ఏమీ కాదు. చాలా కంప్యూటర్లలో ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి తేదీలేమీ లేకపోయినా ఆశ్చర్యపోకండి. 'స్టార్టప్ సెట్టింగ్స్'లోకి వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్, అందులో లేస్తే సమస్య ఏదో డ్రైవర్‌ది. అక్కడే 9 నొక్కితే, కూలిన వెంటనే రీస్టార్ట్ కాకుండా అసలు ఎర్రర్ పేరు చూపిస్తూ ఆగుతుంది. దాన్ని ఫొటో తీసుకుంటే ఎవరికి చూపించినా పని తేలికవుతుంది.

యూట్యూబ్ వీడియోల గురించి హెచ్చరించక తప్పదు. రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లోని ఫైళ్లని అసలు రిజిస్ట్రీ మీద కాపీ చేయమని చెప్పే వీడియోలు ఇప్పటికీ లక్షల్లో చూస్తున్నారు. విండోస్ 7లో అది దివ్యంగా పనిచేసేది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ ఫోల్డర్‌లోకి బ్యాకప్ తీయడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది, అక్కడుండే ఫైళ్ల సైజు సున్నా. ఆ ఖాళీ ఫైళ్లని అసలు రిజిస్ట్రీ మీద పెడితే కొద్దో గొప్పో ఉన్న ఆశ కూడా పోతుంది. ఇంకో వీడియో ఆటోమేటిక్ రిపేర్‌నే ఆపేసే ఆదేశం ఇస్తుంది. తెర రాకుండా పోతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది. విండోస్‌ని లేపే ఫైళ్లని సరిచేసే బూట్‌రెక్ ఆదేశాలు కొట్టమనేవి మరీ తప్పు కాదు. కానీ పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చిన కొత్త తరహా కంప్యూటర్లలో వాటిలో ఒకటి 'యాక్సెస్ డినైడ్' అంటుంది. అక్కడ బీసీడీబూట్ అనే ఆదేశంతో బూట్ ఫైళ్లని కొత్తగా రాయించాలి. డ్రైవ్ అక్షరం తప్పితే పని జరగదు కాబట్టి ఇది తెలిసినవాళ్ల చేత చేయించండి.

మీ తమ్ముడు చూపించిన సాఫ్ట్‌వేర్ పేరు మీరు రాయలేదు, అవసరం కూడా లేదు. విండోస్‌లోపల నడిచే రిపేర్ ప్రోగ్రామ్, విండోసే లేవని కంప్యూటర్‌లో ఎలా నడుస్తుంది? ఆ ఒక్క ప్రశ్న అతన్ని అడగండి. లేచే కంప్యూటర్లలో ఇలాంటివి ఏం చేస్తాయో కూడా రికార్డులో ఉంది. రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు రిపేర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేని సమస్యలు ఉన్నట్టు చూపించి జనాన్ని భయపెట్టి అమ్ముతున్నాయని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2024 మార్చిలో ఆ కంపెనీలు 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. కొన్నవాళ్ల చేత ఫోన్ చేయించి, ఇంకా సమస్యలున్నాయంటూ టెక్నీషియన్ సేవలు కూడా అంటగట్టేవారట. నిజంగా పనికొచ్చే పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారు చేసుకుంటే, డిస్క్‌లోని రికవరీ చెడిపోయినా దాన్నుంచి ఇవే మెనూలు వస్తాయి. సర్వీస్ షాపుల వాళ్లు వాడే హైరెన్స్ బూట్ సీడీ కూడా ఉచితమే.

ఇవేవీ పనిచేయకపోతే 'రీసెట్ దిస్ పీసీ' మిగులుతుంది. అందులో 'కీప్ మై ఫైల్స్' అన్న మాట చూసి మోసపోకండి. ఫైళ్లు ఉంచుతుంది, మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అనూ, అన్నీ పోతాయి. పేజ్‌మేకర్‌లో 2001 నాటి ఏడో వెర్షనే ఆఖరిది, మళ్లీ కొనుక్కోవడానికి దొరకదు. సీడీలు దొరికేదాకా ఆ బటన్ జోలికి వెళ్లకండి.

ఆ స్థితి వస్తే నేనైతే సర్వీస్ అబ్బాయిని పిలిచి ఇలా చెబుతాను: 'పాత డిస్క్‌ని ముట్టుకోవద్దు బాబూ. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టి, విండోస్ దానిమీద ఎక్కించు. పాతది ఊడదీసి నా చేతికివ్వు.' డిస్క్ ఖర్చు అదనమే. కానీ మర్చిపోయిన ఫోల్డర్ ఏదైనా ఆరు నెలల తర్వాత గుర్తొస్తే తీసుకునే వీలుంటుంది. అతను అడిగిన పదిహేను వందలు పనికి ఎక్కువేమీ కాదు. అడగకుండా ఫార్మాట్ కొట్టేస్తే మాత్రం చాలా ఎక్కువ. ఎలాగూ కొత్తగా ఎక్కిస్తున్నారు కాబట్టి మీ యంత్రం తట్టుకోగలిగితే విండోస్ 11 అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. క్రౌడ్‌స్ట్రైక్ గొడవ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన 'క్విక్ మెషీన్ రికవరీ' కూడా 11లోనే ఉంది. లేవని కంప్యూటర్ తనే నెట్‌కి తగులుకుని మందు తెచ్చుకుంటుంది. అయితే అది చాలామందికి ఒకేసారి వచ్చిన జబ్బులకే. మీ ఇంటి కరెంటు వల్ల వచ్చిన దానికి మైక్రోసాఫ్ట్ దగ్గర మందు తయారై ఉండదు.

యూపీఎస్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతోందంటే దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, ముందు అది మార్పించండి.

పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు వచ్చాక వాటిలో రెండు మూడింటిని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి, కాపీ సరిగ్గా జరిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత ఎస్ఆర్‌టీ ట్రెయిల్ ఫైల్ చివరి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి నాకు పంపండి. దానిలో ఏ ఫైల్ పేరు ఉందో చూస్తే, ఇక్కడ చెప్పిన మరమ్మతుల్లో మీకు ఏది అవసరమో చెప్పగలను.